రాతినేలకు తగిన విత్తు

విత్తనము ఎంత చిన్నదైనను దానికొక స్వదేశము గలదు. ఏ చలి, ఏ యెండ, ఏ వాన దాని పూర్వులను పెంచినవో వానినే అది మరల ఎదురుచూచును. ఈ సంగతి నెరుగక విత్తువారికి శ్రమయు వ్యయమును మిగులుచుండును. సైబరాబాదు ప్రాంతమందలి మన విద్యార్థుల గృహములలో ఇటీవల నొక క్రొత్త వేడుక బయలుదేరినది. మంచుకొండలపై పూచు చిన్నచిన్న పూలమొక్కల గింజలను పొట్లములుగా తెప్పించి, బాల్కనీలలోని కుండీలయందు చల్లి, నిత్యము నీరు పోసి, పొట్లముమీది రంగుబొమ్మవంటి పూవుకొరకు వేచియుందురు. పూవు మాట అటుండగా మొలకయైనను కానరాదు. "ఇవి యేల మొలవవు?" అని బాలబాలికలు మమ్ము అడుగుచున్నారు. వారి తల్లిదండ్రులును అడుగుచున్నారు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమును, దానితోపాటు మా యభిప్రాయమును ఈ సంచికయందు విన్నవింపదలచితిమి.

మా యభిప్రాయమును ముందుగానే చెప్పెదము. మంచుకొండల పూవులపై మాకు ద్వేషము లేదు. కాని యీ ప్రాంతమున చిన్న బహువార్షిక మొక్కలను విత్తునుండి పెంచు విద్య నేర్వగోరువారు మొదట మన నల్లరాతి బండల సందులలో పుట్టి పెరుగు మొక్కలను పెంచవలెను. అట్లు పెంచవలెనన్నచో ఆ బండలు నిలిచియుండవలెను. ఈ రెండు మాటలకును గల సంబంధమును చూపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట మంచుకొండల మొక్కలను గూర్చి తెలిసికొందము. యూరపు ఖండమందలి ఆల్ప్సు పర్వతములపై, చెట్లు పెరుగజాలని యెత్తునకు పైన, మంచు కరిగిన కొలది నెలలలోనే పూచి కాచి మరల మంచుక్రింద నిద్రించు మొక్కలు గలవు. వానిని ఆంగ్లేయ తోటమాలులు ఆల్పైన్ మొక్కలని పిలుతురు. మన హిమాలయములందును అట్టివి విస్తారముగా నున్నవి. 1931వ సంవత్సరమున ఫ్రాంక్ స్మైత్ అను పర్వతారోహకుడు కామెట్ శిఖరము నెక్కి దిగివచ్చుచు చూచిన గఢ్వాలు దేశపు పూలలోయ వానికి ప్రసిద్ధమైన స్థానము. ఆ లోయ 1982లో జాతీయ ఉద్యానముగను, 2005లో ప్రపంచ వారసత్వ స్థలముగను ప్రకటింపబడెను. ఇట్టి మొక్కలు జానెడెత్తు మించకపోవచ్చును; అయినను ఒక్క సంవత్సరముతో ముగియునవి కావు. గాలికి తలయొగ్గి నేలనంటి యుండి, వేళ్ళను రాళ్ళ నడుమ లోతునకు దింపి, అనేక సంవత్సరములు జీవించును. వానిలో నొక జాతికి శాక్సిఫ్రేజ్ అని పేరు. లాటిను భాషలో ఆ మాటకు రాతిని పగులగొట్టునది యని యర్థము.

ఈ మొక్కల గింజలు శరత్కాలమున రాలును. రాలిన వెంటనే మొలచెనా, లేత మొలక రాబోవు మంచుకు బలియగును. కాబట్టి గింజలోపల నొక తాళము వేయబడియున్నది. కొన్ని వారములు తడియు చలియు కలిసి తగిలిన పిమ్మటగాని ఆ తాళము వీడదు. శీతకాలము గడచినదని గింజ తెలిసికొను విధమిదియే. ఇంగ్లండు దేశమున తోటమాలులు నడి శీతకాలమున కుండీలయందు విత్తి, వానిని మంచులో ఆరుబయట విడిచిపెట్టుదురు. చలి లేని దేశములవారు గింజలను తడి ఇసుకలో కలిపి, సుమారు 4 డిగ్రీల చల్లదనమున రెఫ్రిజిరేటరునందు ఆరు లేక ఎనిమిది వారములుంచి పిమ్మట విత్తుదురు. పొట్లమును విప్పి తిన్నగా కుండీలో చల్లినవారికి మొలకలు రాకపోవుటకు ముఖ్యకారణమిదియే. గింజ చచ్చినది కాదు, శీతకాలముకొరకు వేచియున్నది.

అట్లయిన రెఫ్రిజిరేటరు ప్రతి యింట నున్నదికదా, చలినిచ్చి మొలపింపరాదా యని యడుగవచ్చును. మొలపింపవచ్చును. సెప్టెంబరు నెలాఖరున చలిలో పెట్టి నవంబరులో విత్తినచో కొన్ని జాతులు చక్కగా మొలచును. డిసెంబరు, జనవరి నెలలలో నారు పచ్చగా నుండును. కష్టము తరువాత వచ్చును. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల యెత్తున మాత్రమే యున్నది. పూలలోయ 3,000 మీటర్లకు పైన నున్నది. మనకు ఏప్రిలు, మే నెలలలో పగటి వేడి 40 డిగ్రీలకు చేరుట సాధారణము. కాంక్రీటు గోడల నడుమ రాత్రియు చల్లబడదు. మొక్క పగలు ఎండలో సంపాదించిన ఆహారమును రాత్రి శ్వాసించుచు కొంత వ్యయించును. రాత్రి వెచ్చగానున్న కొలది ఆ వ్యయము హెచ్చును. చల్లని రాత్రులకు అలవడిన మొక్క యిచ్చట ఆదాయమునకు మించిన వ్యయముతో దినదినము క్షీణించును. వాడినదని జాలిపడి మనము మరింత నీరు పోయుదుము. వెచ్చని తడిమట్టిలో వేళ్ళు కుళ్ళును. అంతటితో కథ ముగియును.

ఈ సందర్భమున మిషను పాఠశాలల వారందరును ఎరుగవలసిన వృత్తాంతమొకటి గలదు. 1793లో ఈ దేశమునకు వచ్చిన విలియము కేరీ గారు శ్రీరామపురమున నొక గొప్ప ఉద్యానమును పెంచిరి. తెలుగు భాషకు ఇంగ్లీషులో వ్యాకరణము వ్రాసి 1814లో ప్రకటించినవారు గనుక మనకును వారు పరాయివారు కారు. ఇంగ్లండునుండి మిత్రుడొకడు వారికి గింజలు పంపెను. వానిలో నేదియు వ్యర్థము కాకూడదని కేరీ గారు సంచిని నీడపట్టున నేలమీద విదిలించిరి. కొన్ని దినములకు అచ్చట నొక డెయిజీ మొక్క మొలచెను. ఇంగ్లండు పచ్చికబయళ్ళలో కాలిక్రింద పడియుండు ఆ చిన్న పూవును వారు ముప్పది సంవత్సరములకు పైగా చూచియుండలేదు. దానిని చూచి వారు పొందిన సంతోషము ఆంగ్లకవి జేమ్సు మాంట్గొమరీ చేత నొక పద్యమునకు వస్తువయ్యెను. డెయిజీ తన దేశమున బహువార్షికము. అయినను వంగదేశపు వేసవిని అది దాటజాలదయ్యెను. ఏటేట గింజలు దాచి, ఏటేట మరల విత్తి, ఏకవార్షికమువలె మాత్రమే దానిని నిలుపవలసివచ్చెను.

ఈ దృష్టాంతము మనకు రెండు సంగతులు నేర్పుచున్నది. జన్మదేశపు పూవును ప్రేమించుట తప్పు కాదు. దూరదేశములందున్న మన తెలుగువారు గోంగూర గింజలను వెంట గొనిపోయి కుండీలలో పెంచుకొనుచున్నారుకదా! కాని యట్టి మొక్క అతిథి. ఏటేట క్రొత్తగా పిలిచిననే వచ్చును. ఇక రెండవ సంగతి. కేరీ గారు డెయిజీతో తృప్తిపడి ఊరకుండలేదు. 1820లో ఈ దేశపు వ్యవసాయమునకును తోటపనికిని ఒక సంఘమును స్థాపించిరి. విలియము రాక్సుబరో గారు భారతదేశపు మొక్కలను గూర్చి వ్రాసిన మహాగ్రంథమును 1832లో అచ్చు వేయించిరి. ఆ రాక్సుబరో గారు కలకత్తాకు పోవుటకు పూర్వము మన సామర్లకోటలో నివసించి, మన మొక్కలను తెలుగు పేర్లతో సహా వ్రాసికొన్నవారు. పరదేశపు పండితులు మన మొక్కల పేర్లను మననుండి అడిగి తెలిసికొనిరి. నేడు మన పిల్లలకు ఆ పేర్లు తెలియకుండుట మిక్కిలి విచారకరము.

ఇక మన నేలను చూతము. హైటెక్ సిటీ, మాదాపురము, గచ్చిబౌలి, కొండాపురము, ఖాజాగూడ మొదలగు తావులలో నేలయనగా మట్టి కాదు, నల్లరాతి బండ. ఈ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. హిమాలయములు లేవనారంభించి సుమారు 5 కోట్ల సంవత్సరములైనది. అనగా మన బండలు ఆ మహాపర్వతములకంటె ఏబది రెట్లు పెద్దవి. బండమీద బండ ఎవరో యెత్తిపెట్టినట్లు నిలుచుటకు రాక్షసులు కారణము కారు. భూమిలోపల నున్నప్పుడే రాతియందు పడిన చీలికలవెంట నీరు దిగి, మూలలను అరగదీసి, గుండ్రముగా చేసినది. పై మట్టి కొట్టుకొనిపోగా గుండ్లు బయటపడినవి. శిల్పారామమునందలి ఎలుగుబంటి ముక్కును బోలిన బండయు, హైదరాబాదు విశ్వవిద్యాలయపు టావరణములోని పుట్టగొడుగు బండయు మన విద్యార్థులు చూడదగినవి.

1998లో సైబరు టవర్సు ప్రారంభింపబడినది మొదలు ఈ ప్రాంతపు ముఖమే మారిపోయినది. దానివలన మన విద్యార్థుల కుటుంబములలో అనేకులకు జీవనోపాధి కలిగినది. ఆ మేలును మేము మరువము. అయినను ఒక్కొక్క భవనముకొరకు ఎన్ని బండలు పేల్చబడినవో లెక్కించినవారు లేరు. బండలను కాపాడుటకై 1996లోనే హైదరాబాదున సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘమేర్పడి పాటుపడుచు వచ్చెను. 2025వ సంవత్సరము మార్చి నెలాఖరున కంచ గచ్చిబౌలియందు 400 ఎకరముల నేలపై చెట్లను యంత్రములతో తొలగింపసాగగా, ఏప్రిలు 3న సుప్రీము కోర్టు ఆ పనిని నిలుపవలసినదని ఆజ్ఞాపించెను. ఆ వ్యాజ్యముయొక్క న్యాయాన్యాయములు ధర్మాసనము విచారింపదగినవి; వానిపై మేము వ్రాయము. ఆ దినములలో జనులు చెట్లను గూర్చియు, జింకలను గూర్చియు, నెమళ్ళను గూర్చియు దుఃఖించిరి. అది యుక్తమే. కాని బండసందున బెత్తెడు మట్టిలో నున్న చిన్నమొక్కను గూర్చియు, ఆ మట్టిలో వానకై వేచియున్న గింజలను గూర్చియు మాటలాడినవారు అరుదు. చెట్టును మరల నాటవచ్చును. పేల్చిన బండను మరల నిలుపువారెవరు? దాని సందునందలి మట్టియు, ఆ మట్టిలోని గింజలును దానితోనే పోవును.

ఆ చిన్నమొక్కలలో మూటిని మాత్రము పేర్కొందుము.

మొదటిది విష్ణుక్రాంత. వినాయకచవితి పత్రిలో నొకటిగా దీనిని మన పొరుగువారనేకు లెరుగుదురు. మొరపనేలలందు, బండల అంచులందు నేలబారుగా ప్రాకును. చిటికెనవ్రేలి గోరంతటి నీలిపూవు ఉదయమున విప్పి ఎండ ముదిరినంతట ముడుచుకొనును. ఆకులపై నున్న పట్టువంటి నూగు ఎండనుండి తడిని కాపాడును. పైభాగమెండినను వేరు జీవించియుండి, మరుసటి వానకు చిగిర్చును. కాయ చిన్నది, దానిలో సాధారణముగా నాలుగు గింజలకు మించియుండవు.

రెండవది రత్నపురుష. ఇది యూరపు కవులు మెచ్చుకొను వయొలెట్ పూవుతో నొకే కుటుంబమునకు చెందినది. గులాబి ఊదా రంగులు కలిసిన ఒకే పెద్ద రేకు పెదవివలె క్రిందికి వ్రేలాడుచుండును. కాయ పండి మూడు చెక్కలుగా విచ్చి, గింజలను దూరముగా చిమ్మును. చీమలు వానిని మోసికొనిపోవును. ఆల్ప్సు పర్వతపు వయొలెట్ కొరకు డబ్బు పంపువాని మెట్లక్రింద దాని చుట్టము ఊరక పూచుచుండుట వింతగాదా!

మూడవది కుందేటి కొమ్ములు. ఇది నాలుగు పలకల మెత్తని కాడలతో, ఆకులు లేనట్లు కనబడుచు, రాళ్ళ నడుమ పొదల నీడను పెరుగును. దాని కాయలు జంటగా కొమ్ములవలె నిలుచును. కాయ పగిలినంతట ప్రతి గింజయు పట్టుకుచ్చు ధరించి గాలిలో తేలిపోవును. ఆకలిని చంపి దేహమును చిక్కబరచునని చెప్పి దీని సారమును మందుగా అమ్ముచున్నారు. అందుకొరకు అడవిమొక్కలను వేళ్ళతో పెరుకుటవలన దీనికి హాని కలుగుచున్నది. విత్తునుండి పెంచుట నేర్చినవారు పెరుకరు.

మంచుకొండ గింజ చలికొరకు వేచియుండగా, మన బండసందులలోని గింజలలో పలువిధములైనవి వేసవికొరకు వేచియుండును. శరత్కాలమున రాలిన గింజ వెంటనే మొలచినచో రాబోవు ఆరు నెలల కరవునకు బలియగును. కాబట్టి అది పొడి వేడిలో నిద్రించి పక్వమై, తొలకరి వానకు మేలుకొనును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు చెప్పు ఆ యెండయే మన గింజకు కావలసిన ఔషధము. అచ్చట మంచు చేయు పనిని ఇచ్చట ఎండ చేయుచున్నది. ప్రకృతి నియమమొక్కటే, దాని రూపము మాత్రము దేశమునుబట్టి మారుచున్నది.

ఇక పెంచు విధానమును చెప్పెదము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు, పండిన కాయలను మాత్రమే కోయవలెను. ఒక మొక్కనుండి కొన్ని గింజలే తీసికొని తక్కినవానిని దానికే విడువవలెను. మొక్కను పెరుకరాదు. విశ్వవిద్యాలయపు భూమిలోగాని, అటవీశాఖవారి ఉద్యానములలోగాని అనుమతి లేక ఒక గింజయైనను తీయరాదు. దారిప్రక్క మొరపనేలలలో దొరకునవి చాలును. గింజలను నీడలో నారబెట్టి కాగితపు కవరులో నుంచి, కవరుమీద పేరు, తేది, స్థలము వ్రాయవలెను. ప్లాస్టిక్కు సంచిలో తడి నిలిచి బూజు పట్టును. కుందేటి కొమ్ముల గింజ మాత్రము ఎక్కువకాలము నిలువదు. తాజాగా నున్నప్పుడే విత్తవలెను. తక్కిన కవరులను వేసవి యంతయు ఇంటిలో పొడిగానున్న చోట నుంచవలెను. రెఫ్రిజిరేటరు అక్కరలేదు.

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడగానే విత్తవలెను. అడుగున రంధ్రము గల వెడల్పాటి మట్టిమూకుడు మేలు. రంధ్రముపై పెంకు ముక్క నుంచి, రెండుపాళ్ళు మొరము, ఒకపాలు ముతక ఇసుక, ఒకపాలు మాగిన ఆకుఎరువు కలిపి నింపవలెను. విష్ణుక్రాంత గింజపై పెంకు గట్టిది. గరుకు కాగితముపై మెల్లగా రుద్ది, ఒక రాత్రి నీట నానబెట్టి విత్తినచో త్వరగా మొలచును. ఏ గింజనైనను దాని మందముకంటె లోతుగా పూడ్చరాదు. పైన సన్నని గులక పలుచగా చల్లవలెను. మూకుడును నీటిపళ్ళెములో కొంతసేపుంచిన తడి క్రిందినుండి పైకెక్కును. పైనుండి పోసిన నీటికి చిన్నగింజలు కొట్టుకొనిపోవును. గింజలు క్రిక్కిరిసినను, నీరు నిలిచినను నారుకుళ్ళు పట్టి, తెల్లవారునప్పటికి మొలకలు తలలు వ్రాల్చును. నాలుగైదు ఆకులు వచ్చిన పిమ్మట వేరువేరు కుండీలకు మార్చవలెను. దసరా గడచిన పిమ్మట నీరు క్రమముగా తగ్గింపవలెను. వేసవిలో పైభాగమెండినచో చచ్చినదని పారవేయరాదు. మరుసటి మృగశిర వరకు ఓర్చినవారికి ఆ యెండిన మొదటినుండి పచ్చని చిగురు కనబడును. బహువార్షికమను మాటకు అర్థము అప్పుడు బాలునకు స్పష్టముగా తెలియును.

దీనికి కొందరు ఆక్షేపణలు చెప్పవచ్చును. "ఇవి కలుపుమొక్కలు, అందమైన పూలు కావలెను" అని యొకరందురు. అందముకొరకు దూరదేశములనుండి తెచ్చిన మొక్కలన్నియు మేలు చేయలేదు. పూలకొరకు అమెరికానుండి తేబడిన లాంటానా నేడు మన అడవులను ఆక్రమించి పశువులకు మేత లేకుండ చేసినది. ఈ కారణముచేతనే విదేశపు విత్తనములకు అనుమతిపత్రమును, ఆరోగ్యపత్రమును ఉండవలెనని 2003లో భారతప్రభుత్వము శాసించినది. తపాలాలో వచ్చు రంగుబొమ్మల పొట్లములకు ఈ పత్రములున్నవో లేవో తల్లిదండ్రులు విచారింపవలెను.

"నర్సరీకి పోయిన గంటలో పూచిన మొక్క దొరకును, ఏడాది వేచియుండనేల?" అని మరియొకరందురు. కొన్న మొక్క అలంకారమునకు చాలును, విద్యకు చాలదు. పైగా కొమ్మను నాటి పెంచిన మొక్కలన్నియు ఒకే తల్లికి ప్రతులు. ఒక తెగులు వచ్చిన అన్నియు నొక్కసారి పడిపోవచ్చును. గింజలనుండి వచ్చిన మొక్కలు అన్నదమ్ములవలె కొంత పోలికయు కొంత భేదమును గలిగియుండును. ఆ భేదమునుండియే ఎండకు ఓర్చునది యొకటి బయలుదేరును. మనకు చేరువనున్న పటాన్‌చెరువునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాటువారు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలగువాని విత్తురకములను లక్షకు పైగా చల్లని గదులలో భద్రపరచుట ఈ భేదముకొరకే. పంటలకు అట్టి కాపుదల యున్నది. బండపూవులకు మనమే కాపరులము.

మూడవ ఆక్షేపణ ఓపికను గూర్చినది. మీట నొక్కిన క్షణములో ఫలము చూచు ఈ కాలపు పిల్లలు ఏడాదిపాటు మూకుడు నెట్లు కాచుదురని కొందరు తల్లిదండ్రుల సందేహము. అందుకే ఈ పని వారికి అవసరమని మేము తలంచుచున్నాము. 1879లో అమెరికాయందు మిచిగను రాష్ట్రమున విలియము బీల్ అను ఉపాధ్యాయుడు ఇరువది సీసాలలో గింజలు నింపి నేలలో పాతిపెట్టెను. గింజ ఎంతకాలము జీవించునో తెలిసికొనవలెనని ఆయన సంకల్పము. 2021లో, అనగా 142 సంవత్సరముల పిమ్మట, ఒక సీసాను త్రవ్వితీసి విత్తగా కొన్ని గింజలు మొలచినవి. ప్రశ్న వేసినవాడు ప్రత్యుత్తరమును పూర్తిగా చూడలేదు. తరువాతివారు దానిని కొనసాగించుచున్నారు. ఇట్టి ఓర్పు లేక శాస్త్రము లేదు. మన పిల్లలకు ఒక సంవత్సరపు ఓర్పు నేర్పజాలమా?

సువార్తలోని విత్తువాని ఉపమానమును మన పాఠశాలలో నెరుగనివారుండరు. రాతినేలను పడిన విత్తనములు త్వరగా మొలచి, వేరు లేనందున ఎండకు మాడిపోయినవని అందున్నది. అది ధాన్యపు గింజలను గూర్చిన మాట; మనస్సులను గూర్చిన బోధ. దానిని మేము మార్చబూనము. అయితే సృష్టికర్త రాతినేలను వట్టిగా విడువలేదని మన బండలు సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ నేలకును తగిన గింజలు గలవు. అవి త్వరపడి మొలవవు. మొలచుటకు ముందు కాలమెరుగును. మొలచిన పిమ్మట ఆకుకంటె ముందుగా వేరును చూచుకొనును. ఈ గుణము మన విద్యార్థులకును అలవడిన అంతకంటె మేము కోరదగినదేమున్నది?

కాబట్టి మా కోరికలను ఇచ్చట విన్నవించుచున్నాము. పాఠశాల కార్యనిర్వాహకులు ఆవరణములో పదియడుగుల చోటు నొక బండతోటకు విడువవలెను. దానికి కావలసిన రాళ్ళను కట్టడములవద్ద ఇదివరకే పగిలి పడియున్నవానినుండి తేవలెనుగాని, గుట్టలనుండి క్రొత్తగా పగులగొట్టి తేరాదు. శాస్త్రపు గదిలో ఒక బీరువా గింజల కవరులకు ప్రత్యేకింపవలెను. ఆరవ తరగతిలో చేరు ప్రతి విద్యార్థికిని ఇరువది గింజలిచ్చి, విత్తిన తేదియు, మొలచినవాని లెక్కయు, చచ్చినవాని లెక్కయు నొక పుస్తకములో వ్రాయింపవలెను. ఏటి చివర బహుమతి మిక్కిలి అందమైన పూవునకు గాక, మిక్కిలి నమ్మకమైన లెక్కపుస్తకమునకు ఇయ్యవలెను. ఒక్క గింజయు మొలవలేదని నిజము వ్రాసినవాడును ఆ బహుమతికి అర్హుడే.

తల్లిదండ్రులకు మా మనవి మరియొకటి. మీరు నివసించు అపార్టుమెంటుల ఆవరణములో పేల్చక మిగిలిన బండ యొకటియైన నున్నచో, దానిపై మట్టి పోసి విదేశపు పచ్చిక పరుపనీయకుడు. దాని సందులను తోమి శుభ్రపరుపనీయకుడు. సంఘపు సమావేశములో ఒక్కమాట చెప్పి దాని నట్లే యుండనిండు. ఆదివారము సాయంకాలమున మీ పిల్లలను వెంటబెట్టుకొని దుర్గము చెరువు ప్రక్కనున్న బండలవద్దకుగాని, కొత్తగూడయందలి వృక్షోద్యానమునకుగాని పోయి, ఏ సందున ఏ మొక్క యున్నదో చూపుడు. పేరు తెలియనిచో ఇంటిలోని పెద్దవారి నడుగుడు. పల్లెనుండి వచ్చిన అమ్మమ్మలకును తాతయ్యలకును తెలిసిన పేర్లు ఏ పొట్లముమీదను దొరకవు.

విద్యార్థులారా! మంచుకొండల పూవులను చూడగోరువారు పెద్దవారైన పిమ్మట పోయి వాని స్వస్థానములోనే చూచి రండు. అది ధన్యమైన యాత్ర. అంతవరకు మీ వాకిటి బండకు పొరుగువారై యుండుడు. వచ్చు మృగశిరకు మూకుళ్ళు సిద్ధపరచుడు. ఈ శరత్కాలమున కోసిన గింజలలో సగము మీకుంచుకొని, సగము పాఠశాల బీరువాకు తెండు. కవరుమీద తేదియు స్థలమును వ్రాయుట మరువకుడు.